లేని తలుపు తట్టే మేస్త్రి

మా మేస్త్రిగారికి లేని గోడలు కనిపిస్తాయి. ఉన్నవాటిని అందరూ చూస్తారు, అందులో గొప్పేముంది అంటాడాయన. నేల మీద నాలుగు సున్నపు గీతలుంటే చాలు, వాటి మీద గోడలు, గోడలకి తలుపులు, తలుపులకి గొళ్ళేలు, చివరికి ఆ గొళ్ళెం తీస్తే వచ్చే చప్పుడు కూడా ఆయన అనుభవంలోకి వచ్చేస్తాయి. ఆయన ఒక్కడే అనుభవించి ఊరుకుంటే ఎవరికీ ఇబ్బంది లేకపోయేది. మేమూ అనుభవించాలంటాడు.

ఆయన చేతికింద నేను పనికి చేరడం వెనక నా గొప్పతనం ఏమీ లేదు. సొంత ఇల్లు లేనివాళ్ళకి తక్కువ ఖర్చులో ఇళ్ళు కట్టించే సంఘం ఒకటుంది. అందులో ఇంట్లోకి వచ్చేవాళ్ళూ పని చేస్తారు, మాలాంటి స్వచ్ఛంద సేవకులూ పని చేస్తారు. సెలవుల్లో వెళ్దామని నా రూమ్మేటు ఇద్దరి పేర్లూ రాసి వచ్చింది. తీరా మొదటిరోజు తెల్లవారేసరికి దానికి జ్వరం వచ్చింది. నాకు రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. నేను సాహిత్యంలో పీజీ చదువుతున్నాను. అప్పటిదాకా నేను ఎత్తిన అతి పెద్ద బరువు నిఘంటువు.

సైటుకి వెళ్ళేసరికి పదకొండు ఇళ్ళు పూర్తయి ఉన్నాయి. పన్నెండోది పునాది లేచి, నేల గట్టిపడి, ఇటుకల కోసం ఎదురుచూస్తోంది. గోడలు ఎక్కడెక్కడ వస్తాయో ఆ నేల మీద సున్నంతో గీసి ఉంచారు. మేస్త్రీల భాషలో దాన్ని ముగ్గు పోయడం అంటారు. మెట్టెక్కి, ఎవరిని పలకరించాలో తెలియక, తల వంచుకుని నాలుగడుగులు వేశాను.

"ఆగు!"

ఆగాను. తలకి తువ్వాలు చుట్టుకున్న ఒక సన్నటి పెద్దాయన తాపీ పైకెత్తి నాకేసి చూపిస్తున్నాడు.

"గోడలో ఉన్నావు."

కిందికి చూసుకున్నాను. నా రెండు చెప్పుల మధ్యనుంచి తెల్లటి గీత పోతోంది.

"ఎంత లోపలున్నానండీ?" నోటికొచ్చింది అడిగేశాను.

"సగం. ముక్కు వంటగదిలో ఉంది, జడ ముందుగదిలో ఉంది. మధ్యలో నాలుగున్నర అంగుళాల ఇటుక. అసలు నీకు ఊపిరెలా ఆడుతోంది?"

"క్షమించండి."

"నాకెందుకు? గోడకి చెప్పు."

చెప్పాను. కిక్కిరిసిన లైబ్రరీలో కుర్చీ తగిలితే కుర్చీకి సారీ చెప్పే మనిషిని, గోడకి చెప్పడం నాకేమీ కష్టం కాలేదు. మేస్త్రిగారు తాపీ దించాడు.

"ఇన్నాళ్ళలో గోడకి క్షమాపణ చెప్పిన మనిషిని నిన్నే చూశాను. పనికొస్తావు. వెళ్ళు, వెళ్ళి తలుపులోంచి రా."

ఆ తలుపు ఎక్కడుందో కనుక్కోవడానికి పావుగంట పట్టింది. గీతలో మూడడుగుల ఖాళీ కనిపిస్తే అది తలుపు. దాని ముందు నిలబడాలి. గాలిలో తట్టాలి. చప్పుడు రాదు కాబట్టి "టక్ టక్" అని నోటితో అనాలి. లోపల ఎవరుంటే వాళ్ళు "కిర్ర్" అంటూ తీయాలి. అప్పుడు చెప్పులు బయట వదిలి లోపలికి రావాలి. లోపలంటే మళ్ళీ అదే ఎండ, అదే గాలి.

ఇటుకల లారీ రేపొస్తుంది, మాపొస్తుంది అంటూ మూడు వారాలు రాలేదు. ఆ మూడు వారాలూ ఇసుక జల్లిస్తూ, నీళ్ళు మోస్తూ, చెత్త ఎత్తుతూ, ఆ లేని ఇంట్లో మేం పదహారుమంది కాపురం చేశాం. మాలో బ్యాంకులో రిటైరైన లావుపాటి బాబాయి ఒకాయన ఉండేవాడు. ఒకరోజు ఆయన బాత్రూము గీతల్లో నిలబడి ఫోను మాట్లాడుకుంటున్నాడు. నేను అటు ఇసుక గంప మోసుకుంటూ పోతున్నాను.

"తట్టి వెళ్ళు!" మేస్త్రిగారు అరిచాడు. "లోపల మనిషున్నాడు!"

గంప దించి తట్టాను.

"ఉన్నానమ్మా," అన్నాడు బాబాయి, సిగ్గుపడుతూ. ఫోనులో అవతలివాళ్ళు ఏదో అడిగినట్టున్నారు. "అబ్బే, ఏం లేదు, బాత్రూములో ఉన్నా," అన్నాడు వాళ్ళతో. ఆ తరవాత పది నిమిషాలు ఆ మాటకి అర్థం వివరిస్తూనే ఉన్నాడు.

ఇంకోరోజు ఉన్నట్టుండి వాన వచ్చింది. అందరం పక్కింటి వసారాలోకి పరిగెత్తబోతుంటే మేస్త్రిగారు ముందుగదిలో నిలబడి చేతులూపాడు.

"ఎక్కడికి పోతారు? ఇల్లు పెట్టుకుని బయట తడుస్తారా? లోపలికి రండి!"

ఆయన గొంతులో ఏం మహిమ ఉందో గానీ, పదహారుమందిమీ వరసగా తలుపు తట్టి లోపలికొచ్చి, కప్పు లేని ఇంట్లో నిలబడి తడిసి ముద్దయ్యాం.

"ఆ కిటికీ మూయండి ఎవరైనా, జల్లు కొడుతోంది," అన్నాడాయన, గడ్డం నుంచి నీళ్ళు కారుతుంటే.

బ్యాంకు బాబాయి వెళ్ళి మూశాడు. రెండు రెక్కలూ. గడియ కూడా పెట్టాడు.

ఆ ఇల్లు ఇస్త్రీ వదినది. వీధి మలుపులో ఇస్త్రీ కొట్టు నడిపేది కాబట్టి అందరం ఆవిణ్ణి అలాగే పిలిచేవాళ్ళం. కొట్టు వెనకే ఒక్క గది, అందులో ఇరవై ఏళ్ళుగా ఆవిడా, ఆవిడ అత్తగారూ ఉంటున్నారు. వదినకి అత్తగారు గనక ఆ పెద్దావిడ సైటులో అందరికీ అత్తగారే అయింది. అరవై దాటిన మేస్త్రిగారికీ అత్తగారే. కోడలు పొద్దున పని చేసి మధ్యాహ్నం కొట్టుకి పోతే, అత్తగారు సాయంత్రందాకా ఉండి, మేం కడిగిన సిమెంటు బాండీలు బోర్లించి, జల్లెడలో మిగిలిన గులకరాళ్ళు ఏరేది. పిల్లి నడిచినట్టు నెమ్మదిగా నడిచేది. మనసులో ఏదో లెక్క పెట్టుకుంటున్నట్టు పెదాలు కదిలేవి. మేస్త్రిగారి కట్టడిని అందరికన్నా శ్రద్ధగా పాటించేది కూడా ఆవిడే. లేని తలుపుని అరచేత్తో తడిమి మరీ తోసేది.

"కొత్తింట్లోకి వస్తున్నారుగా, సంతోషమేనా అత్తగారూ?" అని ఎవరైనా అడిగితే, "చూద్దాంలే," అనేది. ఆ మాట ఇస్త్రీ వదినకి నచ్చేది కాదు.

"చూసేదేముంది అత్తా? ఆ గదిలో నువ్వు కాళ్ళు చాపుకుంటే నేను ముడుచుకోవాలి, నేను చాపుకుంటే నువ్వు ముడుచుకోవాలి."

"ముడుచుకోవడం అలవాటైపోయింది లేవే."

ఒకరోజు ఇనప ఊచలు వంచే బాబాయి పక్కన కూర్చుని నీళ్ళు తాగుతూ అడిగాను. "బాబాయిగారూ, మేస్త్రిగారు ఎప్పుడూ ఇంతేనా?"

"ఎవరు, వీడా?" ఆయన నవ్వాడు. "ముప్పై ఏళ్ళుగా కలిసి పని చేస్తున్నాం. ముగ్గు మీద పడుకుని నిద్రపోయేవాడమ్మా! గోడలూ లేవు, తలుపులూ లేవు. ఆ పదకొండు ఇళ్ళకీ బాగానే ఉన్నాడు. ఈ పన్నెండోదానితోనే మొదలైంది. వయసు మీద పడుతోంది, ఏం చేస్తాం?"

నేను చదివిన పుస్తకాల్లో ఇలాంటి మాట వస్తే అక్కడ పెన్సిలు గీత పెట్టేదాన్ని. ఎదురుగా ఉన్న మనిషికి అలా పెట్టడం తోచలేదు.

మర్నాడు భోజనాలవేళ అందరం చెట్టు కిందికి పోయాం. నా పుస్తకం వంటగదిలో సిమెంటు బస్తా మీద మరిచిపోయానని గుర్తొచ్చి వెనక్కి వెళ్ళాను. ముందుగదిలో, రేపు మంచం వేయబోయే చోట అత్తగారు నిలబడి ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. ఆవిడ వెనక మేస్త్రిగారు, ఎన్నడూ లేనిది నోరు మూసుకుని నడుస్తున్నాడు.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు." అత్తగారు కుడివైపు తిరిగి చెయ్యి చాపింది. "ఇదిగో, బాత్రూము గొళ్ళెం."

"తియ్యండి."

తీసింది.

"కిర్ర్," అన్నాడు మేస్త్రిగారు, పసిపిల్లకి జోల పాడినంత మెల్లగా.

ఆవిడ కళ్ళు తెరిచి నవ్వింది. తెరిచిన ఆ కళ్ళు తిన్నగా నా మీదే ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం, మా మధ్య దూరం పది గజాలు.

"మేస్త్రీ, అక్కడెవరైనా ఉన్నారా?" అంది.

దొంగతనం చేసినదానిలా గుమ్మం దగ్గరకొచ్చి తట్టాను. "నేనేనండీ. పుస్తకం కోసం."

అత్తగారే ముందు తేరుకుంది. "రా, వచ్చి కూర్చో. అది మంచం, ఇది నా దిండు. దిండు మీద కూర్చోకు."

దిండుని తప్పించి కూర్చున్నాను.

"తెల్లగా ఉంటే గీత కనిపిస్తుంది. ఎండ బాగా ఉండాలి," అందావిడ. "మనిషైతే మసక. ఏడాది తిరిగేసరికి ఈ మసకా ఉండదన్నాడు డాక్టరు. దానికి తెలియకూడదు."

"వదినకి చెప్పలేదా?"

"చెబితే? ఇస్త్రీ పెట్టెలో నిప్పులుంటాయి, అటు రాకు అంటుంది. మంచం దిగకు అంటుంది. నేను రోజుకి అరవై బట్టలు మడత పెడతా. మడతకి కళ్ళెందుకు, వేళ్ళున్నాయిగా? ఆ పాత గదైతే కాళ్ళకి తెలుసు. ఇక్కడ నా అంతట నేను బాత్రూముకి పోయిరాగలిగితేనే వస్తా. ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలంటే మాత్రం రాను."

"మీరు రాకపోతే వదిన వస్తుందా?"

అత్తగారు లేని దిండుని సర్దుకుంది. మేస్త్రిగారే చెప్పాడు. "రాదు. తాళాలిచ్చే రోజున ఇంటివాళ్ళు రాకపోతే సంఘం వాళ్ళు జాబితాలో తరవాతి వాళ్ళకిచ్చేస్తారు. అందుకే అమ్మాయీ, ఈ సంగతి పుస్తకంలో పెట్టి మూసెయ్."

మూసేశాను. రహస్యం దాచడానికి మాట్లాడని మనిషిని మించింది లేదు.

ఆ వారమే ఇటుకల లారీ వచ్చింది. మొదటి వరస పేర్చేలోపు వెనకాలే ఇంజినీరు వచ్చాడు. కుర్రాడు. చంకలో చుట్టిన డ్రాయింగు, చేతిలో టేపు. సరిగ్గా భోజనాలవేళ వచ్చి, మెట్టు కూడా ఎక్కకుండా, పక్కనుంచి ఒక్క గెంతు గెంతి ముందుగదిలో దిగాడు.

మంచం చోట కూర్చున్న అత్తగారు ఉలిక్కిపడింది. "ఎవరది గోడలోంచి వస్తోంది? దెయ్యమా?"

ఇంజినీరు తన వెనక్కి చూసుకున్నాడు.

"తలుపులోంచి రండి సార్," అన్నాడు మేస్త్రిగారు.

"ఏ తలుపు?" అని విసుక్కుని ఆయన డ్రాయింగు పరిచాడు. టేపు లాగాడు. మళ్ళీ లాగాడు. "మేస్త్రిగారూ, బాత్రూము తలుపు తప్పు. ఈ గోడ నుంచి పది అడుగుల దగ్గర ఉండాలి. మీరు ఎనిమిది దగ్గర పోశారు ముగ్గు. చెరిపి మళ్ళీ పోయండి."

మేస్త్రిగారు వెళ్ళి ఆ ఖాళీకి అడ్డంగా నిలబడ్డాడు. "కుదరదు సార్."

"ఎందుకు కుదరదు? సున్నమేగా!"

"ఇరవై రోజుల్నుంచి అందులోంచే తిరుగుతున్నాం."

"అక్కడ తలుపే లేదండీ!"

"ఎందుకు లేదు? నిన్ననే గొళ్ళేనికి నూనె వేశా."

ఇంజినీరు మాలో ఎవరైనా తెలివైనవాళ్ళున్నారేమోనని చుట్టూ చూశాడు. అప్పటికి చెట్టు కిందివాళ్ళంతా వచ్చేశారు. క్యారేజీ పట్టుకుని కొట్టు నుంచి ఇస్త్రీ వదినా వచ్చింది.

అత్తగారు మెల్లగా లేచింది. "మారిస్తే మార్చండి నాయనా. ఇది మీ పని. నేను పాత గదిలోనే ఉంటాలే. మళ్ళీ మొదట్నించీ నా వల్ల కాదు."

"అదేంటత్తా?" అంది వదిన. చేతిలో క్యారేజీ ఊగుతోంది. "రెండడుగులు తలుపు జరిగితే ఇల్లొద్దంటావా? నువ్వు రాకపోతే నేను మాత్రం ఎలా వస్తా?"

నేను గట్టిగా మాట్లాడాలంటే ముందురోజు రాసుకోవాలి. ఆ రోజు రాసుకోలేదు.

"తలుపు అక్కడే ఉంది సార్," అన్నాను. ఆ గొంతు ఎవరిదా అని నేనే వెతుక్కున్నాను. "నేను రోజూ తట్టి వెళ్తున్నాను."

"నేను లోపలుండగా కూడా తట్టింది," అన్నాడు బ్యాంకు బాబాయి.

"వానలో కిటికీ మూసింది ఈయనే," అన్నారింకెవరో.

"గడియ కూడా పెట్టాను!"

పదహారుమందిమీ ఒక్కసారి సాక్ష్యం మొదలుపెట్టేసరికి ఇంజినీరు చెవులు మూసుకున్నాడు. ఈ గోలలో కాస్త పెద్దరికంగా కనిపించిన మనిషి అత్తగారే కాబట్టి డ్రాయింగు ఆవిడ చేతికిచ్చాడు. "మీరైనా చూడండమ్మా. ఇక్కడుంది తలుపు."

అత్తగారు డ్రాయింగు రెండు చేతులా పట్టుకుని కాసేపు చూసింది. "చాలా బాగుంది నాయనా," అంది.

డ్రాయింగు తలకిందులుగా ఉంది.

ఇంజినీరు ఆ కాగితాన్ని చూశాడు. ఆవిడ కళ్ళు చూశాడు. కుర్రాడైనా బుద్ధిమంతుడు, కాగితం తిప్పలేదు. "అవునండీ, బాగా వచ్చింది," అన్నాడు. కాసేపాగి, "మంచం దగ్గర్నుంచి మీ తలుపు ఎన్ని అడుగులు?" అన్నాడు.

"ఆరు."

"నా టేపు ఎనిమిదంటోంది."

"నీ టేపు అడుగులు దానివి. నా అడుగులు నావి."

"ఒకసారి చూపిస్తారా?"

ఆవిడ నడిచింది. ఆరో అడుగు దగ్గర తిరిగి గాలిలో గొళ్ళెం పట్టుకుంది. ఇంజినీరు ఆ చేతి కింద నేల మీద సుద్దతో చుక్క పెట్టాడు. మళ్ళీ నడవమన్నాడు. మళ్ళీ అదే చుక్క. మూడోసారీ అదే చుక్క. టేపు చుట్టి జేబులో పెట్టేసుకున్నాడు.

అప్పుడు మేస్త్రిగారు ఆయన్ని పక్కకి లాగాడు. ఆ పక్క అంటే వంటగది, గోడ కూడా లేని వంటగది. నేను అక్కడే సిమెంటు బస్తా వెనక ఉన్నాను.

"తప్పు నాదే సార్," గొంతు తగ్గించి అన్నాడు. "కాగితం సరిగ్గా చూసుకోకుండా ముగ్గు పోశా. నాలుగోరోజున తెలిసింది. అప్పటికే ఆ తప్పుని ఆవిడ బట్టీ పట్టేసింది. ఎలా చెరపను?"

"మీదేం కాదు. డ్రాయింగులోనే తప్పుంది."

"కాదు సార్, నాదే."

"డ్రాయింగుదంటున్నాగా! ఆఫీసులో నేను చెప్పుకుంటా. మీకెందుకు?"

తప్పు నాదంటే నాదని ఇద్దరూ కొట్టుకునేలా ఉన్నారు. చివరికి ఇంజినీరే గెలిచాడు. ఈ తలుపు పైన గోడని మోసే కాంక్రీటు దిమ్మె, లింటెల్, వేరేగా సైటులోనే పోయిస్తానన్నాడు. పెన్ను తీసి డ్రాయింగులో పది అన్న అంకె కొట్టేసి, పక్కన ఏదో రాశాడు. తరవాత నేను చూశాను. 'తలుపు: మంచం నుంచి ఆరు అడుగులు. అత్తగారివి.'

వెళ్ళేటప్పుడు ఆయన గుమ్మం దాకా నడిచి, కాస్త ఆగి, అటూ ఇటూ చూసి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళాడు.

ఆ రోజు బాండీలు కడుగుతూ మేస్త్రిగారిని అడిగాను. "ఆవిడకి నేర్పాలంటే ఆవిడకి నేర్పితే సరిపోయేదిగా? మా పదహారుమందినీ ఎందుకండీ ఆడించారు?"

"ఆవిడొక్కతే గాలిని తడుముకుంటూ అడుగులు లెక్కపెట్టుకుంటే ఊరుకుంటారా? ఆ ముసలావిడకి ఏమైందని అడగరూ?" ఆయన బాండీ బోర్లించాడు. "అందరికీ పిచ్చెక్కిస్తే ఆవిడ ఒక్కతే కనిపించదుగా."

తాళాలిచ్చే రోజుకి నా సెలవులు అయిపోయాయి. అయినా వెళ్ళాను. రూమ్మేటు కూడా వస్తానంది. దానికి గుమ్మం మర్యాదలు నేర్పేసరికి తాతలు దిగొచ్చారు.

గోడలు నిజంగానే ఉన్నాయి. ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. అత్తగారు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మెట్టెక్కి, అసలైన చెక్క తలుపు తోసుకుని లోపలికెళ్ళింది. మంచం దగ్గర ఆగింది. మేమంతా వెనకే వరసగా నిలబడ్డాం. ఆరడుగులు. కుడివైపు. గొళ్ళెం ఆవిడ చేతిలోకి వచ్చి పడింది. ఆ తలుపు మా మొహాల మీదే వేసుకుంటూ, "ఏంటలా నిలబడ్డారు? బాత్రూముకి కూడా ఊరేగింపా?" అంది.

నా పక్కన ఇస్త్రీ వదిన కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"వదినా, అంటే మీకు..." అని ఆగిపోయాను.

"ఆరు నెలలుగా మా అత్త ఒక కాలికి తన చెప్పు, ఒక కాలికి నా చెప్పు వేసుకుని తిరుగుతోంది. నాకు తెలియదా?" అంది వదిన, గొంతు తగ్గించి. "చెప్పకూడదని ఆవిడ అనుకుంది. సరే, తెలియకూడదని నేననుకున్నా. నువ్వూ నోరెత్తకు."

మూసేయాల్సిన పుస్తకాలు రెండయ్యాయి.

ఇంతలో, బాత్రూములోంచి వచ్చి వంటగదిలోకి వెళ్ళిన అత్తగారి కేక. "ఎవరది గోడలోంచి వస్తోంది?"

పరిగెత్తుకెళ్ళి చూశాం. వంటగది కిటికీ ఊచలు ఇంకా బిగించలేదు. అందులోంచి ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని మేస్త్రిగారు వేలాడుతున్నాడు.

"నేనేనండీ. గట్టు మీద తాపీ మరిచిపోయా. గుమ్మంలో జనం ఉన్నారని ఇటునుంచి..."

"తాపీ ఎక్కడికీ పోదు. దిగు. వెళ్ళి తలుపులోంచి రా."

మేస్త్రిగారు దిగాడు. ఇంటి చుట్టూ తిరిగి వీధిలోకొచ్చాడు. మేమంతా బయటికొచ్చి దారిచ్చేసరికి అత్తగారు లోపల్నుంచి తలుపు వేసింది. చెప్పులు విప్పి, గట్టి టేకు తలుపు ముందు నిలబడి, చెయ్యెత్తి, దానికి బెత్తెడు దూరంలో గాలిలో తడుతూ, "టక్ టక్," అన్నాడు.

లోపల గొళ్ళెం తీసిన చప్పుడు.

"కిర్ర్," అంది అత్తగారు.